టీకి ముందు గ్లాసెడు నీళ్లు

టీ తాగితే ఒంట్లోకి నీళ్లు చేరతాయా, ఉన్నవి కూడా పోతాయా అన్న మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి పక్క గదిలోకి పోతాను. ఒకప్పుడు అలా కాదు. ఆ ముక్క మీద గంటసేపు మాట్లాడగలిగిన మనిషిని. బేతంచెర్లలో మా బండల పాలిష్ ఫ్యాక్టరీలో పదకొండు మంది పనివాళ్లను వరసగా నిలబెట్టి, టీ ఒంటిని ఎలా ఎండగడుతుందో ఉపన్యాసమిచ్చి, రెండు పూటలా టీ మాన్పించిన ఘనత నాది. అది జరిగి రెండు ఎండాకాలాలు గడిచాయి. నేను చెప్పింది తప్పని నాకు ఆ మొదటి ఎండాకాలంలోనే తెలిసింది. తెలిసిన మాట బయటికి చెప్పడానికి మాత్రం మిగతా కాలమంతా పట్టింది.

నా పుట్టిల్లు కడప. మా నాయన రోజుకు ఎనిమిది, పది టీలు తాగేవాడు. ఆయనకు కిడ్నీలో రాళ్లు పడి, నొప్పికి మంచం మీద దొర్లుతుంటే, మా అమ్మ మొదలుకొని వీధి మలుపులో కిరాణా కొట్టు శెట్టిగారి దాకా అందరూ టీనే తిట్టారు. ఆయన పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా చెంబెడు మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. టీ తిట్టడానికి సులువు. అది ఎదురుగా గ్లాసులో కనపడుతుంది. తాగని నీళ్లు ఎవరికి కనపడతాయి? అలా చిన్నప్పుడే నాకు టీ మీద ఒక కోపం పడిపోయింది. కోపం ఉంది కదా అని నేనేమీ మానలేదు. నాది అల్లం వేసిన టీ, పింగాణీ కప్పులో, పొద్దునొకటి సాయంత్రమొకటి. అది వేరే లెక్క అనుకునేదాన్ని.

మా ఆయనకు గనుల పని, లారీల పని. మా మామ పోయాక ఫ్యాక్టరీ చూసే మనిషి లేక ఆ బరువు నా మీద పడింది. పడింది అంటున్నాను గానీ, నిజానికి నాకు ఇష్టంగానే ఉండేది. ఇంట్లో నా మాటకు అడ్డం చెప్పేవాళ్లు నలుగురు ఉండేవాళ్లు, ఇక్కడ ఒక్కరూ లేరు. మా ఆయన నాకోసం ఒక గది వేయించి, దానికి ఆనుకుని బాత్రూమ్ కట్టించాడు. లారీ డ్రైవర్లు వచ్చి పాడు చేస్తారని దానికి తాళం. తాళంచెవి పగలంతా నా హ్యాండ్‌బ్యాగులో, సాయంత్రం పోయేటప్పుడు గదిలో మేకుకు ఉండేది.

మా పని చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. గని నుంచి వచ్చిన నాపబండను మిషన్ మీద అంచులు కోస్తారు, తర్వాత నునుపు పడతారు. రెండు చోట్లా రాయి మీద నీళ్లు పారుతూనే ఉండాలి. ఒక్క నిమిషం ధార ఆగితే బ్లేడు కాలిపోతుంది. ఆ వాసన నేను గదిలో కూర్చునే పసిగట్టగలను. మొగవాళ్లు ఆరుగురు మిషన్ల దగ్గర, ఆడవాళ్లు ఐదుగురు బండలు కడిగి, మోసి, సైజుల వారీగా దొంతులు పేర్చే పనిలో. పొద్దస్తమానం కాళ్లు తెల్లటి బురదనీళ్లలో, తల ఎండలో.

ఆ ఐదుగురిలో పెద్దామెను అందరూ పెద్దక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. యాభై అయిదేళ్లుంటాయి. మా మామ మొదటి మిషన్ పెట్టిన నాటి నుంచి ఉన్న మనిషి. నేను కొత్త కోడలిగా ఫ్యాక్టరీ చూడటానికి వచ్చినప్పుడు, పట్టుచీర అంచు బురదలో పడుతుంటే వెనక నుంచి వచ్చి పైకి ఎత్తి పట్టుకుంది. పొద్దున అందరికన్నా ముందు వచ్చి నా గది ఊడ్చేది, పదిన్నరకు, మూడున్నరకు టీ కాచేది. నా టీ నా గదికి తెచ్చి ఇచ్చేది. మిగతావాళ్లది రేకుల షెడ్డు నీడలో.

ఆ టీ పద్ధతి నేను దూరం నుంచి కిటికీలో చూసేదాన్ని. మిషన్లు ఆగేవి. అందరూ చేతులు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లు. ఆమె స్టీలు గ్లాసులు పంచేది. ముందు ప్రతి గ్లాసులో కుండలోని నీళ్లు నిండా పోసేది. వాళ్లు ఆ నీళ్లు తాగి గ్లాసు బోర్లించి చూపిస్తేనే అదే గ్లాసులో టీ. ఎవడైనా మొండికేస్తే టీగిన్నె పట్టుకుని ముందుకు నడిచిపోయేది. గ్లాసు కడిగే కొత్త రకమేమో అనుకున్నాను నేను. ఎండలో పనిచేసే మనిషికి నీళ్లు దిగవు, నాలుకకు చప్పగా ఉంటాయి, టీ ఆశ చూపించి ఆమె నీళ్లు తాగిస్తోందని నాకు తట్టలేదు. నాకు గదిలో పింగాణీ కప్పు వచ్చేది. ఆమె నాకు ముందు నీళ్లు ఇచ్చేది కాదు, పెద్దింటి మనిషికి షరతు పెట్టడం బాగుండదని.

టీ అయ్యాక ఆడవాళ్లు ఐదుగురూ కలిసి వెనక గోడ దాటి కంపచెట్ల వైపు పోయేవాళ్లు. పావుగంటకు తిరిగొచ్చేవాళ్లు. కబుర్లకు పోతున్నారని నేను పళ్లు నూరేదాన్ని. నేను ఆడదాన్నే. ఈ వాక్యం రాస్తుంటే చెయ్యి వెనక్కి వస్తోంది గానీ, రాయాలి. ఆడదాన్నై ఉండి, ఐదుగురు ఆడవాళ్లు కలిసి చెట్ల చాటుకు ఎందుకు పోతారో నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

ఆ ఏడు మార్చి నుంచే ఎండలు మండిపోయాయి. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. రాజంపేటలో ఎవరిదో కల్యాణమండపానికి పెద్ద ఆర్డరు ఒప్పుకున్నాం. లారీ వచ్చి వాకిట్లో నిలబడింది, డ్రైవరు గంటకోసారి నా గదిలోకి తొంగి చూసేవాడు. సరిగ్గా కరెంటున్న వేళకే పదిన్నర అయ్యేది, మిషన్లు ఆగేవి. అరగంట. మళ్లీ మూడున్నరకు అరగంట. కిటికీలోంచి చూస్తుంటే నాకు కడుపు మండేది.

ఆ వారంలోనే ఎవరో నా ఫోనుకు ఒక వీడియో పంపారు. తెల్లకోటు వేసుకున్నాయన టీ ఒంట్లో నీళ్లను పిండేస్తుందని, ఒక టీ తాగితే రెండు గ్లాసుల నీళ్లు ఒంట్లోంచి పోతాయని చేతులూపుతూ చెప్తున్నాడు. నాకు మా నాయన గుర్తొచ్చాడు. అది నిజం. వాకిట్లో లారీ కూడా గుర్తొచ్చింది. అదీ నిజం. ఏది ముందు గుర్తొచ్చిందని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. మొన్నమొన్నటి దాకా నాయనే అని చెప్పుకునేదాన్ని. కాదు. లారీయే. నాయన నాకు దొరికిన కుంటిసాకు.

మర్నాడు పొద్దున అందరినీ పిలిచాను. మీ మంచికే చెప్తున్నానని మొదలుపెట్టాను. ఆ మాటతో మొదలైనది ఏదీ మంచికి కాదని నాకు తెలియనిది కాదు. టీ మానండి, ఇదుగో చల్లటి నీళ్ల క్యాను తెప్పించాను, రోజుకొకటి, ఎంత కావాలంటే అంత తాగండి అన్నాను. క్యాను నా గది బయట బల్ల మీద పెట్టించాను, పక్కన కొత్త ప్లాస్టిక్ గ్లాసులు. మొగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు సణిగాడు. పెద్దక్క మాత్రం ముందుకొచ్చి అడిగింది.

"టీ లేకుంటే లేకపోనీమా. మిషన్లు నిలుపుతారు గదా ఆ పొద్దుకు?"

"ఎందుకక్కా నిలపడం? ఎవరికి దాహమైతే వాళ్లొచ్చి తాగిపోతారు. అందరూ ఒకేసారి ఎందుకు?"

ఆమె ఏదో అనబోయి చుట్టూ ఉన్న మొగవాళ్ల వైపు చూసింది. తర్వాత "సరేమా" అని వెనక్కి పోయింది. ఆ చూపు నాకు ఇప్పుడు అర్థమవుతుంది. మొగవాళ్ల ముందు చెప్పలేని మాట అది. నన్ను పక్కకు పిలిచి చెప్పి ఉండొచ్చు కదా అంటారేమో. నేను ఎవరినైనా పక్కకు పోయి వినే మనిషినైతే కదా.

రెండు రోజులకే నేను గమనించింది ఏమిటంటే, క్యాను దిగడం లేదు. మొగవాళ్లు వచ్చి తాగేవాళ్లు, అదీ ఎప్పుడో ఒకసారి. ఆడవాళ్లు ఆ బల్ల దగ్గరికే రాలేదు. నీళ్లు పెడితే తాగరు, టీ పోస్తే ఎగబడతారు, ఈ జనాలను బాగుచేయడం ఎవరి తరమని సాయంత్రం మా ఆయనతో విసుక్కున్నాను. ఆయన నవ్వి, నువ్వు ఊరికే ఉండరాదా అన్నాడు. ఆయన మాట నేను ఏనాడు విన్నాను గనక.

పెద్దక్క మెల్లబడటం నాకు కనపడింది. కనపడలేదని అబద్ధం చెప్పను. బండ ఎత్తబోయి నడుం పక్కన చెయ్యి పెట్టుకుని ఆగేది. పెదవులు పగిలి తెల్లగా ఉండేవి. ఒకరోజు పిలిచి, ఒంట్లో బాగలేదా అక్కా అని అడిగాను. ఎండలకుమా అంది. నేను తృప్తి పడిపోయాను. ఇంకో రోజు చలిజ్వరంతోనే వచ్చింది. ఇంటికి పొమ్మన్నాను, లోడు అయిపోనీలే అంది. నేను రెండోసారి పొమ్మనలేదు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం దొంతి పక్కన కూర్చుండిపోయింది. లేపితే లేవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను గుర్తుపట్టలేదు. మా కారులోనే కర్నూలుకు తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్లో ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట మాత్రం చుక్క లేదు. ఆమె కోడలు ముందు సీట్లో కూర్చుని ఏడుస్తూ, మూడు దినాలుగా ఒంటికి పోతే మంట అంటాండాదమ్మా, నీకు చెప్పొద్దనిందమ్మా అంటోంది.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. పరీక్షలన్నీ చేసి, పెద్దక్కను లోపల పడుకోబెట్టి, నన్ను బయటికి పిలిచింది. మూత్రం బిగబట్టి బిగబట్టి, నీళ్లు తాగక, చీము కిడ్నీల దాకా ఎక్కిందని చెప్పింది. రోజుకు ఎన్నిసార్లు పోతుందని కోడల్ని అడిగితే, పొద్దున పనికి వచ్చే ముందు ఒకసారి, సాయంత్రం ఇంటికి పోయాక ఒకసారి అని చెప్పిందట. ఈ మధ్యే అలా అయిందట. నాకు మాత్రం నా తెలివి ఎక్కడ దాగుతుంది? టీలు ఎక్కువ తాగేది డాక్టరుగారూ, ఒళ్లు ఎండిపోతుందని నేనే మాన్పించాను, చల్లటి నీళ్లు పెట్టించాను అన్నాను. నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"టీలో ఉండేది చాలావరకు నీళ్లే కదండీ" అంది ఆమె. రెండు మూడు టీలకు ఎవరి ఒళ్లూ ఎండదని, కాస్త ఒంటేలు ఎక్కువ పోయించినా తాగినదాంట్లో చాలా భాగం ఒంట్లోనే నిలుస్తుందని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. తర్వాత, నీళ్లు పెట్టించారు సరే, వాళ్లు పోవడానికి చోటెక్కడ అని అడిగింది.

హ్యాండ్‌బ్యాగు నా భుజానికే ఉంది. అందులో తాళంచెవి ఉంది. ఐదుగురూ కలిసి గోడ వెనక్కి పోయేది, ఒకరు కాపలా నిలబడి నలుగురు పోయేది, టీకి మిషన్లు ఆగినప్పుడు మొగవాళ్లందరూ షెడ్డులో కూర్చుని ఉంటారు గనక ఆ పావుగంటే వాళ్లకు ధైర్యమని, అన్నీ ఒక్కసారే తెలిశాయి. ఒక్కొక్కరుగా పోవాలంటే అటు పక్క లారీలు ఆగే చోటు. అందుకే తాగడమే మానేశారు. నేను టీ ఆపానని అనుకున్నాను. నీళ్లు ఆపాను, నీడ ఆపాను, చాటు ఆపాను. బ్లేడుకు ధార ఆగితే గదిలోంచి పరిగెత్తుకొచ్చే మనిషిని.

ఆమె పన్నెండు రోజులు ఉంది అక్కడ. బతికింది. కానీ కిడ్నీలు పూర్తిగా తేరుకోలేదు. ఇంతకుముందే కొంచెం బలహీనంగా ఉండి ఉండొచ్చు, ఈ ఎండాకాలం మిగిలింది చేసింది అంది డాక్టరు. ఆ వాక్యంలో ముందు సగం పట్టుకుని నేను ఏడాదికి పైగా వేలాడాను.

బేతంచెర్లకు తిరిగొచ్చాక అందరూ అడిగారు. మా వాళ్లు, పక్క ఫ్యాక్టరీలవాళ్లు, గుడి దగ్గర కలిసిన ఆడవాళ్లు. ఏమైంది మీ పెద్దక్కకు? నేను ఏమన్నానంటే, టీలు ఎక్కువ తాగేది, కిడ్నీలు పాడయ్యాయి అన్నాను. మొదటిసారి నోరు జారిందనుకుందాం. రెండోసారికి అలవాటైంది. నాలుగోసారికి నేనే నమ్మినట్టు మాట్లాడాను. మా పక్క ఫ్యాక్టరీ మా ఆయనకు వరసకు అన్నయ్యది, నాకు బావ. ఆయన విని, అవునా, మా దాంట్లోనూ ఆపేస్తాను, ఎట్లాగూ దండగే ఆ అరగంట అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలాగా ఊరుకున్నాను.

మా దాంట్లో మాత్రం వారం తిరక్కుండా టీ మళ్లీ మొదలుపెట్టించాను. ఆడవాళ్లకు నీళ్లు, తలుపు, గడియ ఉన్న గది ఒకటి కట్టించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఎందుకింత హడావుడి అని మా ఆయన అడిగితే, ఎవరో తనిఖీకి వస్తారంట అని చెప్పాను. దానికీ అబద్ధమే.

పెద్దక్క మళ్లీ పనికి రాలేదు. మందులు నెలనెలా డ్రైవరు చేతికిచ్చి పంపేదాన్ని. నేను పోలేదు. ఇవాళ పోదాం, అహోబిలం పోయొచ్చాక పోదాం, పెళ్లిళ్లు అయ్యాక పోదాం. ఆమె ఇల్లు ఫ్యాక్టరీకి మైలు దూరం కూడా లేదు. రైల్వేగేటు దాటితే మూడో సందు. ఆ గేటు పడితే నాకు హమ్మయ్య అనిపించేది. గేటు పడింది కదా, ఇంకెలా పోతాం అని.

ఈ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టాక పోయాను. ఏదో మంచితనం పుట్టి కాదు. డ్రైవరు సెలవు పెట్టాడు, మందులు అయిపోయాయి.

ఆమె వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. మనిషి సగమైంది, పాదాలు మాత్రం వాచి ఉన్నాయి. నన్ను చూసి లేవబోతే కోడలు ఆపింది. ఆపినా లేచింది. నేను వద్దంటున్నా లోపలికి పోయి స్టవ్వు వెలిగించింది. టీ వాసన వస్తుండగా స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

"ముందు నీళ్లుమా."

తాగాను. ఎదురుగా నిలబడి చూసింది, గ్లాసు ఖాళీ అయ్యేదాకా. అప్పుడు అదే గ్లాసులో టీ పోసి తెచ్చింది. ఆ ఫ్యాక్టరీలో అన్నేళ్లు ఆమె చేతి టీ తాగాను గానీ, ఆమె పద్ధతిలో తాగడం అదే మొదలు. మరి నీకక్కా అని అడిగితే, మంచం పక్కనున్న సీసా చూపించింది. దాని మీద బాల్‌పెన్నుతో గీతలు గీసి ఉన్నాయి. దినమంతటికీ అదేనట. కాళ్లు వాస్తున్నాయని డాక్టరు నీళ్లు కొలత పెట్టింది. పది మంది చేత బలవంతాన నీళ్లు తాగించిన మనిషి, మధ్యాహ్నానికి రెండో గీత దాటకుండా చూసుకుంటోంది.

నేను గ్లాసు పట్టుకుని తలొంచుకున్నాను. అప్పుడు ఆమె అంది.

"అందరూ చెప్తాండారుమా, టీలకే ఇట్లయిందంట. నువ్వు ఆ పొద్దే చెప్పినావు. నాకే బుద్ధి ల్యా. నువ్వు మాన్పించినాక గూడా ఇంటికొచ్చి సందకాడ రెండు గ్లాసులు కాంచుకుని తాగుతాంటి, దొంగమాదిరి. నీ మాట ఇన్నింటే నాకీ గతి పట్టకుండు."

ఆమె కళ్లలో నీళ్లు లేవు. నిజంగానే తప్పు చేసిన మనిషిలాగా నా వైపు చూస్తోంది. నేను ఊరంతా చెప్పుకు తిరిగిన అబద్ధం సందులు తిరిగి తిరిగి ఈమె ఇంటికే వచ్చింది. ఏడాదికి పైగా ఆమె ఆ రెండు గ్లాసుల టీకి తనను తాను తిట్టుకుంటూ కూర్చుంది. అవునక్కా, పోనీలే అంటే చాలు, నేను టీ తాగి ఇంటికి పోవచ్చు. ఆమె నన్ను క్షమించడం కూడా కాదు, నేనే ఆమెను క్షమించినట్టు అవుతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చిందని ఒప్పుకోకపోతే ఇదంతా రాసి ఏం లాభం?

"కాదక్కా" అన్నాను. "టీ వల్ల కాదు. ఆ రెండు గ్లాసులే నిన్ను అంతో ఇంతో నిలబెట్టినాయి. డాక్టరమ్మ నాకు ఆ పొద్దే చెప్పింది."

మొదలుపెట్టాక ఆగలేదు. లారీ సంగతి చెప్పాను, క్యాను సంగతి చెప్పాను, ఊళ్లో ఏమని చెప్పుకున్నానో అదీ చెప్పాను. కోడలు గడప దగ్గర నిలబడి వింటోంది. చివరికి బాత్రూమ్ దగ్గరికి వచ్చాను. నా పక్కనే ఉండె అక్కా, తాళంచెవి నా బ్యాగులోనే ఉండె, నాకు తట్టల్యా అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండనుకున్నాను.

"దాన్ని దినామూ పొద్దున కడుగుతాంటి నేనే గదమా. కడిగి, తాళమేసి, చెవి నీ టేబుల్ మీద పెడ్తాంటి."

అన్నేళ్లుగా నేను గదిలోకి వచ్చేసరికి తడి ఆరుతున్న బాత్రూమ్, టేబుల్ మీద తాళంచెవి. ఎవరు పెట్టారని ఏనాడూ అనుకోలేదు.

"మరి పోకూడదా అక్కా? చెవి నీ చేతిలోనే ఉండె గదా?"

"అది నీది గదమా" అంది.

అంతే. అందులో నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు. బండ ఏ సైజుదో చెప్పినట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడ్చి ఆమె చేత ఓదార్పించుకోవడం ఇంకో పాపమని గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను. టీ చల్లారిపోయింది. తాగు, తాగు అంది.

లేచి చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి పిలిచింది. మీ బావ ఫ్యాక్టరీలో గూడా టీ నిలిపినారంట గదా అని అడిగింది. అవునన్నాను. "నా చెల్లెలి కూతురు ఆడనే పనికి పోతాండాది. నాకు చెప్పినావు, సరే. ఆడ పోయి చెప్పుమా."

మర్నాడు పదిన్నరకు పోయాను. ఆ వేళ కావాలనే చూసుకున్నాను. ఆయన ఫ్యాక్టరీలో మిషన్లు ఆగలేదు. ఆడవాళ్లు నలుగురు దొంతుల దగ్గర ఉన్నారు, తలగుడ్డలు ముక్కుల దాకా లాక్కుని. ఎవరు ఆ చెల్లెలి కూతురో నాకు తెలియదు. ఏ ఒక్కరిని చూసినా ఈమేనేమో అనిపించింది.

బావ కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు. మళ్లీ టీ మొదలుపెట్టు బావా, మిషన్లు ఆపి మరీ ఇప్పించు, ఆడవాళ్లకు ఒక గది కట్టించు అన్నాను. ఆడవాళ్లు ఎక్కడికి పోతారో, ఎందుకు తాగరో, మొగమనిషి మొహం చూస్తూ మొత్తం చెప్పాను. పెద్దక్క ఆ రోజు చెప్పలేకపోయిన మాట అది. చెప్తుంటే నా చెవులు వేడెక్కాయి. ఆయన ఇబ్బందిగా కాగితాలు సర్దుకున్నాడు. చివరికి తలెత్తాడు.

"మీ పెద్దక్కకు టీలకే కిడ్నీలు పోయినాయని నువ్వే గదా చెప్పింది?"

"అబద్ధం చెప్పినా బావా. టీ వల్ల కాదు, నా వల్ల."

గది బయట బల్ల మీద నీళ్ల క్యాను ఉంది, మూతి దాకా నిండుగా. అది పొద్దున పెట్టించిందేనా అని అడిగాను. ఆయన దాని వైపు చూశాడు.

"నిన్నటిది" అన్నాడు.